పొగ లాగే మెషిన్ సరే, దాని మూతి ఎక్కడ పెడతారు?

పలాస వైపు వెల్డింగ్ షాపు నడుపుతున్న ఒక పాఠకుడు చాలా వివరంగా ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు. సారాంశం ఇది.

షాపు పెట్టింది ఆయన బావగారు, అప్ప భర్త. ఐటీఐ అయ్యాక ఈయన అక్కడే పనిలో చేరి, ఇప్పుడు సగం వాటాదారయ్యారు. మొదట్లో గేట్లు, గ్రిల్స్, ట్రాక్టర్ ట్రక్కులు చేసేవారు. కొన్నేళ్లుగా జీడిపప్పు ఫ్యాక్టరీల పని పెరిగింది. టేబుళ్లు, ట్రేలు, డ్రయ్యర్ ర్యాకులు, గింజలు పోసే హాపర్లు, అన్నీ ఎస్ఎస్, అంటే స్టెయిన్‌లెస్ స్టీలు. సగానికి పైగా ఆదాయం ఇప్పుడు దాని మీదే. 2018లో తిత్లీ తుఫానుకి షెడ్డు రేకులు లేచిపోతే మళ్లీ వేయించారు. ఆ సమయంలోనే వెనక ఇంటివాళ్లు పొగ వస్తోందని గొడవ పెడితే పడమటి వైపు నిండుగా గోడ కట్టేశారు. అప్పటి నుంచి మధ్యాహ్నం అయ్యేసరికి షెడ్డులో నీలం పొగ కదలకుండా నిలబడిపోతోంది.

బావగారికి రెండేళ్లుగా దగ్గు. బీడీ అలవాటుంది. డాక్టరు దగ్గరికి రారు. "పొగకి భయపడినోడు ఈ పనికి రాకూడదు" అంటారు. పోయిన నెల ఆయన కొడుకు, అంటే ఈయన మేనల్లుడు, సెలవులకు వచ్చి ఒక రోజంతా జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపుల పందిరికి వెల్డింగ్ చేశాడు. ఆ రాత్రి చలి, వణుకు, జ్వరం, నోట్లో ఇనుము నాకినట్టు ఒక రుచి. మర్నాడు సాయంత్రానికి మామూలయ్యాడు. ఒళ్లు అలవాటు పడలేదు, పాలు తాగి బెల్లం ముక్క తింటే పోతుందని బావగారు తేల్చేశారు. ఈయన మాత్రం ఆ రాత్రి నుంచి సరిగ్గా నిద్రపోలేదని రాశారు.

చేతిలో మూడు కొటేషన్లున్నాయి. విశాఖ డీలర్ చక్రాల మీద తిరిగే ఫిల్టర్ మెషిన్‌కి లక్షా ముప్పై వేలు చెప్పాడు. శ్రీకాకుళంలో డక్టులు చేసే మేస్త్రి బ్లోయర్, డక్టు (గాలి గొట్టం), పొగ పట్టే రెండు హుడ్లు బిగించి పొగని రేకుల పైకి వదిలేస్తానని 75 వేలు అడిగాడు. మూడోది గోడకి రెండు పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, 15 వేల లోపు. బావగారు ఒప్పుకునేది ఈ మూడోదానికే. ఇంట్లో భార్య అసలు ఈ పనే మానేయమంటున్నారు. "ఏది కొనాలి? బావ దగ్గుకి కారణం ఇదేనా? బావ మనసు నొప్పించకుండా ఎలా ఒప్పించాలి?" అని అడిగారు.

మీరు అడిగిన వరుసలో కాకుండా, ముందు అబ్బాయి సంగతి చెప్తాను. జీఐ పైపు మీద ఉండే జింకు పూత వెల్డింగ్ మెరుపు (ఆర్క్) వేడికి ఆవిరై, గాలి తగలగానే తెల్లటి జింక్ ఆక్సైడ్ పొగగా మారుతుంది. అది పీల్చిన 4 నుంచి 12 గంటల్లో ఫ్లూ లాంటి జ్వరం పట్టుకుంటుంది. ఒకటి రెండు రోజుల్లో దానంతటదే పోతుంది. మెటల్ ఫ్యూమ్ ఫీవర్ అంటారు. మీ ఉత్తరం చదివితే అదే అనిపిస్తోంది. అలవాటు గురించి బావగారు అన్న మాటలో కొంత నిజముంది. రోజూ అదే పొగ పీలిస్తే జ్వరం రావడం తగ్గుతుంది, ఆదివారం సెలవు తీసుకుంటే సోమవారం మళ్లీ తగులుకుంటుంది. సోమవారం జ్వరం అన్న పేరు అలా వచ్చిందే. కానీ ఆ అలవాటు జ్వరం వరకే. పొగ లోపలికి పోవడం మాత్రం ఆగదు. పాలూ బెల్లమూ కడుపులోకి పోతాయి, పొగ పోయేది ఊపిరితిత్తుల్లోకి. అక్కడిదాకా అవి చేరవు.

మళ్లీ ఎప్పుడైనా ఇలా అయి, జ్వరంతో పాటు ఆయాసం వచ్చినా, ఛాతీ పట్టేసినట్టున్నా తెల్లారేదాకా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి, ఆ రోజు ఏ లోహం మీద పని చేశారో డాక్టరుకి చెప్పండి. పసుపు రంగు మెరుపున్న పాత బోల్టుల మీద కొన్నిసార్లు కాడ్మియం పూత ఉంటుంది. దాని పొగ కూడా మామూలు జ్వరంలాగే మొదలై ప్రాణం మీదికి తెస్తుంది. ఇంకో మాట. జ్వరానికీ, ఆర్క్ కొట్టి కళ్లు మండినప్పుడూ మన షాపుల్లో నొప్పి మాత్రలు మింగేయడం మామూలే. మీరున్నది ఉద్దానం పక్కన. కిడ్నీ జబ్బుతో ఇంత నలిగిన ప్రాంతంలో నొప్పి మాత్రలు అలవాటుగా వేసుకోవడం ఎవరికీ మంచిది కాదు.

బావగారి దగ్గు వెల్డింగ్ పొగ వల్లనా, బీడీ వల్లనా అని నేను చెప్పలేను, చెప్పకూడదు. రెండూ కలిస్తే ఒకదానికొకటి తోడవుతాయి. రెండు వారాలు దాటిన దగ్గు ఏదైనా సరే ముందు టీబీ కాదని తేల్చుకోవాలి. కళ్లె పరీక్ష ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. తర్వాత ఛాతీ ఎక్స్‌రే, గొట్టంలోకి ఊదించి చేసే స్పైరోమెట్రీ. ఈ రెండూ శ్రీకాకుళంలో అయినా, విశాఖలో ఛాతీ ఆసుపత్రిలో అయినా చేయించొచ్చు. దీన్ని మెషిన్ గొడవతో ముడిపెట్టొద్దు. మెషిన్ కొన్నా కొనకపోయినా ఈ పరీక్ష ఆగకూడదు.

ఇక పొగ సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో వెల్డింగ్ పొగలన్నిటినీ మనుషులకు క్యాన్సర్ తెచ్చే మొదటి వర్గంలో చేర్చింది. అంతకుముందు అది అనుమానం వర్గంలో ఉండేది. దీన్ని చూసి బ్రిటన్ భద్రతా అధికారులు 2019లో మామూలు ఇనుము వెల్డింగ్‌కి కూడా లోపల చేస్తే పొగ పుట్టిన చోటే లాగాలని, తలుపులు తీసి ఫ్యాన్లు పెడితే సరిపోదని నియమం బిగించారు. మన దగ్గర 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షన్ చెప్పిందీ ఇదే: పొగ లాగే ఏర్పాటు అది పుట్టే చోటుకు వీలైనంత దగ్గరగా ఉండాలి. ముగ్గురు నలుగురు పనిచేసే మీ షెడ్డు ఆ చట్టం కిందికి వచ్చేది కాదు. ఊపిరితిత్తులకి ఆ తేడా తెలియదు కదా.

మీ షాపులో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది ఒక వాక్యం. టేబుల్ కాళ్లూ ఫ్రేములూ ఆర్గాన్ గ్యాస్ వెల్డింగ్‌తో చేస్తే ఆలస్యం అవుతుందని ఎస్ఎస్ రాడ్‌తో కొట్టేస్తున్నామని రాశారు. పొగలో ఎక్కువ భాగం రాడ్ నుంచే వస్తుంది, అతికించే ఇనుము నుంచి వచ్చేది తక్కువ. 304 గ్రేడు ఎస్ఎస్‌లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. ఎస్ఎస్ రాడ్‌తో ఆర్క్ కొట్టినప్పుడు ఆ క్రోమియంలో కొంత హెక్సావలెంట్ క్రోమియంగా మారుతుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుందని ఎప్పటినుంచో రుజువైన పదార్థం అది. ఆర్గాన్ వెల్డింగ్‌లో పొగ చాలా తక్కువ. కాబట్టి రూపాయి ఖర్చు పెట్టకముందే మీరు చేయగలిగిన పెద్ద మార్పు ఇదే: ఎస్ఎస్ వరకు రాడ్ మానేయడం. పని నెమ్మదిస్తుంది, సిలిండర్ ఖర్చు పెరుగుతుంది, నిజమే. కానీ రాడ్ వాడాక స్లాగ్ కొట్టి, గ్రైండ్ చేసి, బఫింగ్ పట్టే టైం కూడా లెక్కలో వేసి చూడండి. సన్నటి పైపుల మీద తేడా మీరనుకున్నంత ఉండకపోవచ్చు. ఆర్గాన్‌కి మారితే ఎర్ర కొన ఉన్న టంగ్‌స్టన్ కడ్డీ కొనకండి. అందులో థోరియం ఉంటుంది, రాయి మీద సానపట్టినప్పుడు ఆ పొడి పీలిస్తే రేడియో ధార్మికత లోపలికి పోతుంది. బంగారు రంగు లేదా నీలం కొన ఉన్న లాంథనం రకం పని బాగానే చేస్తుంది.

జీఐ పని మానలేరు. అతుకు వేసే చోట రెండు వైపులా రెండేసి అంగుళాలు పూత గ్రైండ్ చేసి, మాస్కు పెట్టుకుని, ఆరుబయట చేయండి. అతుకు మీద తర్వాత జింక్ పెయింటు వేస్తే తుప్పు పట్టదు. ఎస్ఎస్ తుడవడానికి గ్రీజు పోగొట్టే క్లోరిన్ ద్రావకాలేవైనా వాడుతుంటే వాటిని షెడ్డులోంచే తీసేయండి. ఆర్క్ వెలుగు తగిలి ఆ ఆవిరి ఫాస్జీన్ అనే విష వాయువుగా మారగలదు.

ఇప్పుడు మెషిన్లకు వద్దాం. మూడు కొటేషన్లలోనూ ధరా, హార్స్ పవరూ ఉన్నాయి. లాగే మూతి అతుకుకి ఎంత దూరంలో ఉంటుందో ఒక్కదాంట్లోనూ లేదు. నన్నడిగితే మొత్తం బేరం ఆ దూరం మీదే నడుస్తుంది.

కొవ్వొత్తిని ఊదితే మూరెడు దూరం నుంచైనా ఆరిపోతుంది. అదే దూరం నుంచి గాలి లోపలికి పీల్చి దాన్ని ఆర్పగలరా? లాగే గాలి బలం మూతి దాటగానే పడిపోతుంది. పొగని పట్టాలంటే అతుకు దగ్గర గాలి సెకనుకు కనీసం అర మీటరు వేగంతో మూతి వైపు కదలాలి. 6 అంగుళాల గుండ్రటి మూతిని అతుక్కి 6 అంగుళాల్లో పెడితే అందుకు గంటకు సుమారు 440 ఘనపు మీటర్ల గాలి చాలు. జానెడు దూరం పెడితే 950 కావాలి. మూరెడు దూరం పెడితే 3,700 దాటుతుంది. దూరం రెండింతలైతే గాలి నాలుగింతలు కావాలన్నమాట. అందుకే లక్షల మెషిన్ మూరెడు దూరంలో పెట్టిన షాపు కంటే, మామూలు బ్లోయర్ జానెడు లోపు పెట్టిన షాపులో గాలి బాగుంటుంది. ఆర్గాన్‌కీ, సీఓటూ వెల్డింగ్‌కీ మరీ దగ్గరగా, మరీ గట్టిగా లాగితే అతుకుని కాపాడే గ్యాస్ చెదిరి అతుక్కి సూది రంధ్రాలు పడతాయి. కాబట్టి మూతి దగ్గర గాలి తగ్గించుకునే డ్యాంపర్ ఉండాలి.

ఈ లెక్కతో చూస్తే ఎగ్జాస్ట్ ఫ్యాన్ల పరిమితి మీకే తెలుస్తుంది. వెల్డర్ తల అతుకు మీదికి వంచి ఉంటాడు. వేడి పొగ నిట్టనిలువుగా లేచి ముందు హెల్మెట్ కిందకి, ముక్కు దగ్గరికి వస్తుంది, ఆ తర్వాతే షెడ్డులో కలుస్తుంది. గోడ ఫ్యాన్ లాగేది ఆ తర్వాతి పొగని. పక్కన గ్రైండింగ్ చేసే కుర్రాడికి మేలు జరుగుతుంది, రాడ్ పట్టుకున్నవాడికి పెద్దగా జరగదు. అదీ కాక మీ ఫ్యాన్లు పెట్టే గోడ వెనక ఇంటివాళ్ల వైపే. ఆ గొడవ మళ్లీ మొదలవుతుంది. ఫ్యాన్లు వద్దనను. తూర్పు వైపు గాలి వచ్చే దారి ఉంచి, ఒక ఫ్యాన్ ఎత్తులో పెడితే షెడ్డులో నిలిచిన నీలం పొగ తగ్గుతుంది. దాన్ని అంతవరకే లెక్కేయండి.

శ్రీకాకుళం మేస్త్రి చెప్పిన డక్టు పద్ధతి మంచిదే, కొన్ని షరతులతో. డక్టులోపలి అడ్డంకిని తట్టుకోవాలంటే సెంట్రిఫ్యూగల్ బ్లోయర్ కావాలి. రెక్కల ఫ్యాన్‌ని పైపులో బిగిస్తే తిరుగుతుంది తప్ప లాగదు. మేస్త్రిని ఒకే ప్రశ్న అడగండి: "రెండు మూతులూ తెరిచి ఉన్నప్పుడు ఒక్కో మూతి దగ్గర గంటకు ఎంత గాలి?" 900 నుంచి 1,000 ఘనపు మీటర్లు అని రాసిస్తే మాట్లాడండి. బ్లోయర్ మీద రాసి ఉండే అంకె ఏ పైపూ తగిలించనప్పటిది, దాన్ని నమ్మొద్దు. పైపు జీఐ రేకుది కావాలి. పీవీసీ చవకే గానీ నిప్పురవ్వ పడితే ఏమవుతుందో మీకు తెలుసు. మెలికలు తక్కువ, వంపులు నిదానంగా. మడతల హోస్ చివర్లో కొద్దిగా మాత్రమే. ఒక ప్లాన్‌లో మేస్త్రి హుడ్లని టేబుల్‌కి నాలుగడుగుల ఎత్తున, వంటింటి చిమ్నీలా గీశారని రాశారు. దానికి ఒప్పుకోకండి. పొగ మీ ముక్కు దాటాకే దానికి దొరుకుతుంది. మూతి టేబుల్ పక్కన, అతుకు ఎత్తులోనే ఉండాలి.

ఈ పద్ధతిలో అసలు చిక్కు పొగ ఎక్కడికి పోతుందన్నది. ఫిల్టర్ లేదు కాబట్టి షెడ్డులో ఉన్న క్రోమియమే వెనక ఇంటికి చేరుతుంది. గొట్టం రేకుల శిఖరం దాటి బాగా పైకి, వాళ్ల కిటికీల కంటే ఎత్తుకి వెళ్లాలి. దాని మీద టోపీ పెడితే పొగ కిందికి తిరుగుతుంది. వాన నీళ్లు పక్కకి జారిపోయే జోడు గొట్టం వేయించండి, పై గొట్టం కొంచెం లావుగా. తుఫాను గాలికి నాలుగు వైపులా వైర్లు లాగి కట్టాలి, ఆ పని మీకు నేర్పక్కర్లేదు. ఇంత చేసినా ఎస్ఎస్ రాడ్ పని రోజంతా సాగితే, ఫిల్టర్ లేకుండా ఇళ్ల మధ్యకి వదలడం నాకు మనస్కరించదు. ఎస్ఎస్‌కి రాడ్ పూర్తిగా మానేసి, మామూలు ఇనుముకి మాత్రమే ఇది వాడతామంటే ఆలోచించొచ్చు.

విశాఖ డీలర్ మెషిన్‌లో పొగ మీ దగ్గరే ఆగుతుంది. వెల్డింగ్ పొగ రేణువులు చాలావరకు ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే చిన్నవి. కాబట్టి ఫిల్టర్ ఏ రకమో కొటేషన్‌లో రాయించండి. మడతల కార్ట్రిడ్జ్, మీద పీటీఎఫ్ఈ (టెఫ్లాన్) పొర ఉంటే దుమ్ము లోపలికి దిగకుండా పైనే నిలిచి సులువుగా రాలుతుంది. చివర్లో అతి సన్నటి రేణువుల్ని కూడా ఆపే హెపా ఫిల్టర్ ఉంటే ఎస్ఎస్‌కి ఇంకా నయం. మెషిన్ లోపలే కార్ట్రిడ్జ్‌ని తనంతట తాను గాలి కొట్టి శుభ్రం చేసుకునే రకమైతే మీ పెయింటింగ్ కంప్రెసర్ పనికొస్తుంది, నీళ్లు రాకుండా చూసుకోవాలి. సముద్రపు తేమ ఉన్న మన ప్రాంతంలో తడి తగిలిన ఫిల్టర్ త్వరగా గట్టిపడుతుంది. కరెంటు ఆకర్షణతో దుమ్ము పట్టే ఎలక్ట్రోస్టాటిక్ ప్లేట్ల రకం చూపిస్తే, కడగకపోతే దాని పనితనం వేగంగా పడిపోతుందని గుర్తుంచుకోండి. పని ఒత్తిడిలో ఎవరు కడుగుతారో మీరే చెప్పండి.

మెషిన్ ధర కంటే ముందు ఫిల్టర్ ధర అడగండి. ఎన్నాళ్లకి మార్చాలి, విశాఖలో స్టాకుంటుందా, ఫిల్టర్ నిండిందని చూపించే ప్రెషర్ గేజ్ ఉందా, మోటారు సింగిల్ ఫేజా, త్రీ ఫేజా. నిప్పురవ్వల్ని ఆపే స్పార్క్ అరెస్టర్ తప్పనిసరి. గ్రైండింగ్ రవ్వలు ఆ మూతిలోకి పోకూడదు. ఆరని బీడీ ముక్క అందులో పడితే ఫిల్టరే అంటుకుంటుంది, ఇలా మంటలు లేచిన షాపులున్నాయి. ఈ సంగతి బావగారికి మీరే స్వయంగా చెప్పాలి. ఫిల్టర్ దుమ్ము ఎస్ఎస్‌ది కాబట్టి దాన్ని బయట మీ చేత్తో కంప్రెసర్ పట్టి ఊదకండి. మాస్కు పెట్టుకుని, తడి గుడ్డతో తుడిచి, రెండు కవర్లలో మూట కట్టండి.

ఫిల్టర్ రేణువుల్నే పడుతుంది. ఓజోన్, కార్బన్ మోనాక్సైడ్ లాంటి వాయువులు అందులోంచి అలాగే వచ్చేస్తాయి. శుభ్రం చేసిన గాలిని మళ్లీ షెడ్డులోకే వదిలే బదులు, మెషిన్ వెనక నుంచి ఒక గొట్టం రేకుల పైకి తీసుకెళ్లే వీలుందేమో అడగండి. అప్పుడు వాయువులు మీ దగ్గర నిలవవు, పొగ పక్కింటికి పోదు. మీ పరిస్థితికి నాకు అన్నిటికంటే నచ్చిన దారి ఇదే.

ఒక్క చెయ్యి (మూతిని మోసే, వంగే గొట్టం) ఉన్న మెషిన్‌తో మొత్తం షాపు నడవదు, ఇది ముందే ఒప్పుకోవాలి. రోజంతా పొగ పుట్టే చోటు మీ ఎస్ఎస్ టేబుల్. మెషిన్‌ని దానికి కేటాయించండి. ఆ టేబుల్‌కి వెనకా, రెండు పక్కలా, పైనా పాత రేకుతో మీరే గూడులాగా కట్టుకోండి. మూడు వైపులా మూసిన చోట పక్కగాలి పొగని చెదరగొట్టదు, అదే బ్లోయర్ రెండింతలు పనిచేసినట్టుంటుంది. తర్వాత ఒక అగరుబత్తి వెలిగించి, అతుకు పడే చోట పట్టుకుని నెమ్మదిగా ముందుకూ వెనక్కూ జరపండి. పొగ గీత మూతి వైపు గట్టిగా వంగే మేర ఎంతో టేబుల్ మీద సుద్దతో గీయండి. అది దాటి అతుకు వేయొద్దు. సాయంత్రం చీకటి పడ్డాక పక్క నుంచి టార్చి వేసి వెల్డింగ్ చేయించి చూడండి. ఏ పొగ తప్పించుకుని ముఖం మీదికి వస్తోందో ఆ వెలుగులో స్పష్టంగా కనిపిస్తుంది. డీలరు కాగితాలకంటే ఈ రెండు పరీక్షల్నే నేను నమ్ముతాను.

పదడుగుల గేట్లకి, ట్రక్కు బాడీలకి ఏ చెయ్యీ అందదు. అందినా ప్రతి జానెడుకీ జరపాలి, ఎవరూ జరపరు. వాటిని తూర్పు వైపు రేకు చూరు కిందకి మార్చండి. గాలి పక్క నుంచి తగిలేలా నిలబడాలి. వీపుకి గాలి తగిలేలా నిలబడితే పొగ సుడి తిరిగి ముఖం దగ్గరికే వస్తుంది. హెల్మెట్ కింద పట్టే ఎఫ్ఎఫ్‌పీ2 రకం మాస్కు, ఐఎస్ 9473 గుర్తున్నది, కనీసం అది ఉండాలి. ఎఫ్ఎఫ్‌పీ3 దొరికితే మరీ మంచిది. ముక్కుకి కట్టిన తువ్వాలు దేన్నీ ఆపదు. గడ్డం పెరిగితే మాస్కు అంచు అతుక్కోదు. ఇంకాస్త డబ్బు చేరాక బ్యాటరీ బ్లోయర్‌తో శుభ్రమైన గాలి పంపే హెల్మెట్ ఒకటి తీసుకోండి. ధర ఎక్కువే, కానీ సైటు పనికీ, మెషిన్ అందని ప్రతి చోటుకీ అదే దిక్కు.

హాపర్ల గురించి మాత్రం గట్టిగా చెప్తున్నాను. లోపలికి దిగి చేసే ఆర్గాన్ పనికి ఏ మాస్కూ సరిపోదు. ఆర్గాన్ గాలికంటే బరువు, అడుగున నిలిచి ఊపిరాడకుండా చేస్తుంది, వాసనతో కూడా తెలియదు. లోపలికి బయటి గాలి ఊదే ఏర్పాటూ, పైన చూసే మనిషీ లేకుండా ఎవర్నీ దించకండి. చల్లగా ఉంటుందని లోపలికి ఆక్సిజన్ వదలడం ఎక్కడైనా చూసి ఉంటే ఆ పని మీ దగ్గర ఎన్నడూ జరగనివ్వకండి. బట్టలు ఒక్క రవ్వకి భగ్గుమంటాయి.

డబ్బు విషయం. లక్షా ముప్పై వేలు ఒక్కసారి తీయడం కష్టమైతే, ముద్ర పథకంలో కిశోర్ విభాగం 50 వేల నుంచి 5 లక్షల దాకా అప్పు ఇస్తుంది. బ్యాంకులో అడగండి. ఎస్ఎస్ ఆర్డర్లలో ఫిల్టర్ ఖర్చు కింద కొంత కలుపుకోవచ్చు. ఫ్యాక్టరీలవాళ్లు మొదట గొణుగుతారు, అతుకు శుభ్రంగా ఉంటే ఇస్తారు. మీ వాటాలోంచే పెట్టి కొనేయాలన్న ఆలోచన కూడా రాశారు. అది తొందరగా అయిపోతుంది. కానీ రేపు ఆ మెషిన్ "నీ మెషిన్" అవుతుంది, బావగారి చెయ్యి దాని మీద పడదు. ఆయన ఎంతకీ కదలకపోతే అప్పుడు చూడండి. అలా చేయాల్సి వస్తే ఎస్ఎస్ టేబుల్ బాధ్యత పూర్తిగా మీదని ముందే మాట్లాడుకోండి.

బావగారి మాట మీకు మొండితనంలా వినిపిస్తోంది. నాకు వేరేలా వినిపించింది. ఇన్నేళ్లూ పొగలో నిలబడి ఇల్లు నిలబెట్టిన మనిషికి, ఆ పొగ హాని అని చెప్తే, కొడుకుని కూడా అందులోనే నిలబెట్టావని అన్నట్టు తగులుతుంది. కాబట్టి క్యాన్సర్ కాగితాలు ఆయన ముందు పరచకండి. పనివాళ్ల ఎదుట అస్సలు వద్దు. అబ్బాయి విషయంలో మాత్రం మెత్తగానే అయినా తేల్చి చెప్పండి: ఈ ఏర్పాటు అయ్యేదాకా జీఐ, ఎస్ఎస్ రాడ్ పని వాడి చేతికి ఇవ్వను. మీరు వాడి మేనమామ, ఆ మాట అనే హక్కు మీకుంది. అప్పకి కూడా తెలియాలి. దగ్గు పరీక్షకి బావగారిని కదిలించగలిగేది బహుశా ఆవిడే.

ఇంట్లో మీ ఆవిడ భయం తప్పు కాదు. పని మానేస్తే ఏం చేస్తారో, ఎంత వస్తుందో ఇద్దరూ కూర్చుని ఒకసారి నిజాయితీగా లెక్క వేసుకోండి. షాపు వదలడం కూడా ఒక దారే, దాన్ని నేను కొట్టిపారేయను. వదలకపోతే, ఎస్ఎస్ రాడ్ మానేశామనీ, మెషిన్ ఫలానా నెలలో వస్తుందనీ ఆవిడకి చెప్పగలగాలి.

రేకు గూడు కట్టే పని బావగారికే అప్పగించండి. కొలతలు ఆయన్నే తీయనివ్వండి. డీలర్‌ని మెషిన్‌తో మీ షాపుకే రమ్మని అడగండి, లేదా మీ టేబుల్ ఫ్రేము ఒకటి ఆటోలో వేసుకుని బావగారితో సహా విశాఖ వెళ్లండి. హోల్డర్ ఆయన చేతికిచ్చి, అవతల చెయ్యి జరిపే పని కూడా ఆయన్నే చేయమనండి. ఒంటి చేత్తో లాగితే రావాలి, వదిలిన చోటే నిలబడాలి. జారి పక్కకి వాలిపోతే, పదిసార్లు సర్దుకోవాల్సి వస్తే, ఎంత మంచి ఫిల్టరున్నా వారం తిరిగేసరికి దాన్ని మూలకి నెట్టేస్తారు. ఆ మెషిన్ వద్దని చెప్పే మొదటి హక్కు బావగారికే ఇవ్వండి. డెమోకి ఒప్పుకోని డీలర్‌కి అడ్వాన్స్ ఇవ్వకండి.